ఏడు ఏపీ కోర్సుల జాబితాలో వయొలిన్‌కు చోటేదీ?

డాలస్ శివారు నుంచి ఒక తల్లి సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. వారి అమ్మాయి అక్కడి ప్రభుత్వ హైస్కూల్లో పదో తరగతి చదువుతోంది. పదకొండో తరగతిలో ఏ కోర్సులు తీసుకుంటుందో మరో పది రోజుల్లో బడికి తెలపాలి. అమ్మాయి తండ్రి ఒక ఆదివారం కూర్చుని ఎక్సెల్‌లో జాబితా తయారు చేశారు. బడిలో ఏడు పీరియడ్లు. ఏడింటికీ ఏడు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులే, అంటే అక్కడ అందరూ ఏపీ అని పిలిచే, కాలేజీ స్థాయి పాఠాలే: కాల్క్యులస్ బీసీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ, కంప్యూటర్ సైన్స్, స్టాటిస్టిక్స్, అమెరికా చరిత్ర, ఇంగ్లిషు. ఆరో తరగతి నుంచి ఆ పిల్ల బడి ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయిస్తోంది. జాబితాలో ఆర్కెస్ట్రా లేదు. అడిగితే ఆయన, "వయొలిన్ ఒక్క ఏడాది మానేస్తే ప్రాణం పోదు, ర్యాంకు పోతే మళ్లీ రాదు" అన్నారట. అమ్మాయి ఎదురు చెప్పలేదు. లేచి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి వయొలిన్‌కు శబ్దం తగ్గించే మ్యూట్ తగిలించి, తలుపు వేసుకుని వాయిస్తోంది.

మొదటి సెమిస్టరులో ఆనర్స్ కెమిస్ట్రీలో, అంటే మామూలు దానికంటే కాస్త కఠినమైన కోర్సులో, బీ వచ్చింది, మిగతావన్నీ ఏలే. ఒక రాత్రి ఒంటిగంటన్నరకు ఈ తల్లి మంచినీళ్ల కోసం లేచి చూస్తే, ల్యాబ్ రిపోర్టు మీద తల పెట్టి పిల్ల నిద్రపోతోంది. చేతిలో మూత తీసిన హైలైటరు, దుప్పటి మీద అరచేయంత పసుపు మరక. తెలుగువాళ్ల వాట్సాప్ బృందంలో మాత్రం ఎవరి పిల్లలు ఎన్ని ఏపీలు తీసుకుంటున్నారో రోజూ లెక్కలు. "మా ఆయన చెప్పేది తప్పని అనలేను. పిల్ల ముఖం చూస్తే ఒప్పనీ అనలేను. నేను అడ్డుపడితే, రేపు మంచి కాలేజీలో సీటు రాకపోతే, జన్మంతా నా వల్లేనన్న మాట పడాలి. ఎవరి పక్షాన నిలబడాలి?" అని అడిగారు. మధ్యలో ఒక ఫిర్యాదు కూడా రాశారు. గత వేసవిలో నల్గొండ పక్కన అమ్మమ్మ ఊరికి వెళ్లినప్పుడు అక్కడి నీళ్లలో ఫ్లోరైడు సంగతి విన్నప్పటి నుంచి పిల్లకు అదే ధ్యాస అనీ, పటిక కొనిపెట్టమని ప్రాణం తీసిందనీ, వంటింట్లో గ్లాసులన్నీ ప్రయోగాలకే పోయాయనీ, ఆ సమయమేదో కెమిస్ట్రీ మీద పెడితే బీ వచ్చేది కాదనీ.

*

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. టెక్సస్ హైస్కూళ్లలో పన్నెండేళ్లు గణితం చెప్పాను కాబట్టి మీ ఇంట్లో జరుగుతున్నది నాకు కొత్త కాదు. ఫిబ్రవరిలో ఈ జాబితాలు బడికి వచ్చే ముందు ఎన్ని ఇళ్లలో ఎన్ని తలుపులు మూసుకుంటాయో చూశాను. ఎవరి పక్షమో తేల్చే ముందు, మీ ఆయన మాటలో నిజమెంతో చూద్దాం. అందులో చాలా నిజముంది.

టెక్సస్‌లో ర్యాంకుకు చట్టమే విలువ కట్టింది. 1997లో వచ్చిన చట్టం ప్రకారం, తరగతిలో మొదటి పది శాతంలో ఉన్న విద్యార్థికి రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ప్రవేశం ఇచ్చి తీరాలి. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌కు మాత్రం ఆ గీత ఇంకా పైన ఉంటుంది. కొన్నేళ్లు ఆరు శాతం, 2026లో చేరేవారి నుంచి అయిదు శాతం. మీ అమ్మాయి తరగతిలో ఆరు వందల మంది ఉన్నారనుకుంటే, ఆస్టిన్‌కు మొదటి ముప్పై మంది, టెక్సస్ ఏ అండ్ ఎంకు మొదటి అరవై మంది. పన్నెండో తరగతి మొదట్లో దరఖాస్తు చేసేటప్పుడు చూపించేది పదకొండో తరగతి చివరి ర్యాంకు కాబట్టి, వచ్చే ఏడాది మార్కులకు బరువెక్కువ. ఆయన బెంగకు ఆధారముంది. దాన్ని చాదస్తమని కొట్టిపారేస్తే ఆయన మీ మాట వినరు, వినకపోవడంలో తప్పూ ఉండదు.

ఆయన జాబితాలో కనిపించని సంగతులు కొన్ని ఉన్నాయి. మొదటిది: ఆ అయిదు శాతం ఆస్టిన్‌లో అడుగు పెట్టనిస్తుంది, కోరిన శాఖలో కూర్చోబెట్టదు. కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్, బిజినెస్ లాంటి వాటికి మళ్లీ విడిగా పరిశీలన ఉంటుంది. అక్కడ వ్యాసాలు, చేసిన పనులు, ఎంచుకున్న కోర్సులు అన్నీ చదువుతారు. ర్యాంకులో మొదటి పదిమందిలో ఉండి కూడా కంప్యూటర్ సైన్స్ దొరకక మరో శాఖలో చేరిన పిల్లలు నాకు తెలుసు. ఏ అండ్ ఎంలో ఇంజినీరింగ్‌లో చేరినవారు మొదటి ఏడాది సాధారణ ఇంజినీరింగ్ చదివి, అక్కడి మార్కులను బట్టి శాఖ తెచ్చుకుంటారు. అంటే హైస్కూల్లో అలసిపోయి వెళ్లిన పిల్లకు అసలు పోటీ అక్కడ మొదలవుతుంది.

రెండోది లెక్క. కాగితం, కలం తీసుకుని మీరూ వేసి చూడండి. ఒక్కో స్కూల్ డిస్ట్రిక్టులో, అంటే బడులను నడిపే స్థానిక సంస్థలో, ఒక్కో పద్ధతి ఉంటుంది. కొన్నిచోట్ల ఏపీలో ఏకి ఆరు పాయింట్లు, కొన్నిచోట్ల అయిదు. కొన్నిచోట్ల ఆర్కెస్ట్రా లాంటివి ర్యాంకు లెక్కలోకే రావు. లెక్కలోకి వస్తాయనే, అంటే మీకు గిట్టుబాటు కాని పద్ధతే అనుకుందాం. ఏపీలో ఏకి 5, బీకి 4, మామూలు కోర్సులో ఏకి 4. ఏడు ఏపీలు తీసుకుని అయిదింటిలో ఏ, రెండింటిలో బీ వస్తే మొత్తం 33 పాయింట్లు, సగటు 4.71. అయిదు ఏపీలు, ఆర్కెస్ట్రా, ఇంకో మామూలు కోర్సు తీసుకుని అన్నింటిలో ఏ వస్తే? 25కు 8 కలిపితే 33. సగటు అదే 4.71. ఏడింటిలోనూ ఏ తెచ్చుకుంటేనే ఆయన జాబితా గెలుస్తుంది. ఆరు ఏలు, ఒక బీతో కొద్దిగా ముందుంటుంది. రెండు బీలకు సమం. మూడో బీ వస్తే వెనకబడుతుంది, పైగా కాలేజీవాళ్లు చూసే కాగితం మీద మూడు బీలు మిగులుతాయి. ఈ సంవత్సరం ఆనర్స్ కెమిస్ట్రీలో బీ తెచ్చుకున్న పిల్ల, వచ్చే ఏడాది ఏపీ కెమిస్ట్రీ, ఏపీ ఫిజిక్స్, కాల్క్యులస్ బీసీ ఒకేసారి మొదలుపెట్టి ఏడింటిలోనూ ఏ తెస్తుందా? తేవచ్చు. దాని మీదే మొత్తం పందెం కాయాలా అన్నది మీ ఇద్దరూ మాట్లాడుకోవాల్సిన విషయం.

మూడోది, నాకు అన్నింటికంటే ముఖ్యంగా అనిపించేది, మన తరం తల్లిదండ్రులకు అలవాటు లేనిది. మీ ఆయన ఇంటర్ గుంటూరులో రెసిడెన్షియల్‌లో చదివారని రాశారు. ఆ రోజుల్లో కోర్సు ఎంచుకోవడమంటే ఒక్క మాటే: ఎంపీసీనా, బైపీసీనా. ఆ తర్వాత రెండేళ్లు ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. తెల్లవారుజామున స్టడీ అవర్, వారానికో పరీక్ష, చివరికి ఎంసెట్, ఒక ర్యాంకు. కౌన్సెలింగ్ అంటే సర్టిఫికెట్ల ఫైలు చంకన పెట్టుకుని, మన నంబరు పిలిచేలోపు ఏ కాలేజీలో ఎన్ని సీట్లు మిగిలాయో చూస్తూ నిలబడటం. ఇక్కడ కౌన్సెలర్ అంటే ఒక మనిషి. మీ అమ్మాయి గురించి కాలేజీలకు ఉత్తరం రాసే మనిషి. ఆ ఉత్తరంతో పాటు పంపే నివేదికలో ఒక ప్రశ్న ఉంటుంది: ఈ బడిలో దొరికే కోర్సులతో పోలిస్తే ఈ విద్యార్థి ఎంచుకున్నవి ఎంత కఠినమైనవి? అత్యంత కఠినం, చాలా కఠినం, కఠినం, సగటు, అంతకంటే తక్కువ. వీటిలో ఒకదాని మీద కౌన్సెలర్ గుర్తు పెడతారు. బడిలో ఏయే ఏపీలు చెబుతారో తెలిపే వివరాల పత్రం కూడా దానితో వెళుతుంది. కాలేజీవాళ్లు మీ అమ్మాయిని పక్క ఊరి పిల్లలతో పోల్చి ఏపీలు లెక్కపెట్టరు. తన బడిలో తనకు దొరికినవాటిలో ఏం తీసుకుంది, ఎలా చదివింది అని చూస్తారు.

అందుకే వాట్సాప్ బృందంలోని లెక్కలు మీకు పనికిరావు. మీకు పనికొచ్చే ప్రశ్న ఒకటుంది. దాన్ని కౌన్సెలర్‌నే అడగాలి: "మీరు 'అత్యంత కఠినం' అన్న గడిలో గుర్తు పెట్టాలంటే పదకొండు, పన్నెండు తరగతుల్లో ఏముండాలి?" చాలా బడుల్లో దీనికి లిఖితపూర్వకమైనదో, అలిఖితమైనదో ఒక నియమం ఉంటుంది. నేను పనిచేసిన చోట్ల ఏడు ఉండాలన్నవారెవరూ నాకు తారసపడలేదు. ఇంగ్లిషు, గణితం, సైన్సు, చరిత్ర, భాష, ఈ అయిదింటిలో వెనక్కి తగ్గకుండా ఉందా అనే చూసేవారు.

భాష అన్నాను కదా, అక్కడ ఆగండి. జాబితాలో స్పానిష్ లేదు! తొమ్మిది, పది తరగతుల్లో స్పానిష్ తీసుకుందని మీరే రాశారు. టెక్సస్‌లో హైస్కూలు పూర్తి చేయడానికి ఒకే భాషలో రెండేళ్లు చాలు, అందుకే ఆయన ఆపేసి ఉంటారు. పోటీ ఎక్కువగా ఉన్న కాలేజీలు అంతటితో తృప్తి పడవు. ఒకే భాష నాలుగేళ్లు చదవడం మంచిదని హార్వర్డ్ బాహాటంగానే సలహా ఇస్తుంది. ఏడు ఏపీల కోసం స్పానిష్ మూడో ఏడాదిని వదిలేస్తే, కఠినంగా కనిపించాలని వేసుకున్న జాబితాలోనే ఒక ఖాళీ ఏర్పడుతుంది. మీ అమ్మాయికి తెలుగు చదవడం, రాయడం వస్తే ఇంకో దారి కూడా ఉంది. కొన్ని స్కూల్ డిస్ట్రిక్టులు పరీక్ష పెట్టి తెలుగుకు క్రెడిట్ ఇస్తున్నాయి. మీ డిస్ట్రిక్టులో ఉందేమో కనుక్కోండి. అయితే అది స్పానిష్‌కు తోడు అవుతుందే తప్ప, మధ్యలో ఆపిన స్పానిష్‌ను పూడ్చదు.

ఇప్పుడు ఆ ఏడింటినీ విప్పి చూద్దాం. అన్నీ ఒకే బరువు కావు. ఏపీ స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్ మిగతావాటి పక్కన కొంత తేలిక. గణితం బాగా వచ్చే పిల్ల తట్టుకుంటుంది. అమెరికా చరిత్ర అలా కాదు. ప్రతి వారం పదుల పేజీలు చదవాలి, పాత పత్రాలు ఇచ్చి వాటి ఆధారంగా వ్యాసం రాయమంటారు. దానికి తోడు ఇంగ్లిషులోనూ వ్యాసాలే. కాబట్టి ఈ రెండూ కలిస్తే సాయంత్రాలు రాతకే పోతాయి. కెమిస్ట్రీకి ల్యాబ్ రిపోర్టులు. కాల్క్యులస్ బీసీలో మొదటి సెమిస్టరు నడిచిపోతుంది, ఫిబ్రవరి, మార్చిలో అనంత శ్రేణులు వస్తాయి. నా క్లాసులో పిల్లలు చతికిలపడేది అక్కడే. అప్పటికే కాలేజీ ప్రవేశాల కోసం రాసే శాట్ పరీక్ష దగ్గర పడుతుంది. వసంతంలోనే ఆర్కెస్ట్రా పోటీలు. మే నెల మొదటి రెండు వారాల్లో ఏపీ పరీక్షలు, ఏడు కోర్సులైతే ఏడు పరీక్షలు, ఒక్కోదానికి దాదాపు వంద డాలర్లు.

నా దగ్గర ఏడు ఏపీలు తీసుకున్న పిల్లలు చాలామందే చదివారు. ఒక అమ్మాయి నవ్వుతూ చదివింది, ఏడింటిలోనూ ఏ, మధ్యాహ్నం భోజనానికి కూర్చుని కూడా లెక్కల గురించే మాట్లాడేది. అలాంటివాళ్లుంటారు, లేరని చెప్పను. ఇంకో అబ్బాయి ఆగస్టులో మొదటి బెంచీలో కూర్చుని, నేను బోర్డు మీద ఒక అడుగు దాటవేస్తే ఆపి అడిగేవాడు. జనవరికి అడగడం మానేశాడు. మార్కులు అప్పటికి తగ్గలేదు. హోంవర్కు మాత్రం పక్కవాడి దగ్గర చూసి రాస్తున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. ఎందుకని అడిగితే, "అర్థం చేసుకునే తీరిక లేదు మేడం, పూర్తి చేసే తీరికే ఉంది" అన్నాడు. ఆ ఏడాది అతనికి బీసీ పరీక్షలో అయిదుకు 3 వచ్చింది. కాల్క్యులస్ మీద అంత ఇష్టమున్నవాడికి. అప్పటి నుంచి పిల్లలు అలసిపోయారా లేదా అని మార్కులు చూసి చెప్పడం మానేశాను. ప్రశ్నలు అడుగుతున్నారా, లేదా అని చూస్తాను.

ఈ లెక్కన మీ అమ్మాయి ఇంకా ప్రశ్నలు అడుగుతూనే ఉంది. నల్గొండ నీళ్ల గురించి.

ఆ నీళ్ల సంగతిని మీరు చదువుకు అడ్డం వచ్చిన పిచ్చిగా రాశారు. నేను అలా చదవలేదు. పళ్లు గోధుమరంగుకు మారిన పిల్లల్ని, నడుములు వంగిపోయిన పెద్దవాళ్లని చూసి వచ్చిన పదిహేనేళ్ల పిల్ల, ఇక్కడ డాలస్‌లో గ్లాసులు వరుసగా పెట్టుకుని పటిక కలుపుతోందంటే, ఆమె ఎక్కడికి వెళ్లాలనుకుంటుందో అందులో కొంత కనిపిస్తోంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు సున్నం, పటిక కలిపి నీటిలోని ఫ్లోరైడును తేర్చే పద్ధతిని రూపొందించారు. ఆ పద్ధతికి ప్రపంచమంతా నల్గొండ పేరే ఉంది. మీ అమ్మాయి వంటింట్లో చేస్తున్నది ఏపీ కెమిస్ట్రీలో వచ్చే పాఠమే: ఏది కరుగుతుంది, ఏది అడుగున పేరుకుంటుంది, ఎంత కలిపితే ఎంత. ఆమెకు బీ వచ్చింది కెమిస్ట్రీ రాకనా, ల్యాబ్ రిపోర్టులు ఆలస్యంగా ఇచ్చినందుకా? అడగండి. జవాబును బట్టి వచ్చే ఏడాది ఏపీ కెమిస్ట్రీ ఉండాలా వద్దా అన్నది సగం తేలిపోతుంది. మోల్ లెక్కలే అర్థం కాకపోతే ఈ వేసవిలో అవి గట్టిపరచుకోవాలి. రిపోర్టులు ఆలస్యమైతే అది సమయం ఇబ్బంది, ఇంకో రెండు ఏపీలు చేర్చినంత మాత్రాన తీరదు. ఒక్క విన్నపం: ఇది తెలిసిన వెంటనే ఆ గ్లాసుల్ని దరఖాస్తు కోసం ప్రాజెక్టుగా మార్చేయకండి. సంస్థ పెట్టించడం, వెబ్‌సైటు చేయించడం వద్దు. దాన్ని ఆమెకే వదిలేయండి.

ఇక మీ ముందున్న దారులు. నాకు మూడు కనిపిస్తున్నాయి, ఒక పిల్లదారి కూడా.

ఆయన జాబితా ప్రకారమే వెళ్లడం మొదటిది. అన్నీ కలిసొస్తే ర్యాంకుకు ఇదే గట్టి దారి. మూల్యం వయొలిన్, స్పానిష్, నిద్ర. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ చెబుతుంది. బడి నుంచి అయిదింటికి ఇల్లు చేరే పిల్ల ఏడు కోర్సులకు ముప్పావు గంట చొప్పున పెట్టినా అయిదు గంటల పైమాటే. స్నానం, భోజనం, కాస్త ఊపిరి పీల్చుకోవడం కలిపితే పడుకునేసరికి అర్ధరాత్రి దాటుతుంది. అది ఏ పరీక్షా లేని వారం. ఆర్కెస్ట్రా ఒక ఏడాది మానేసి పన్నెండులో మళ్లీ చేరవచ్చన్నది కూడా అంత సులువు కాదు. పై బృందంలో చోటు కోసం మళ్లీ ఆడిషన్ ఇవ్వాలి. అప్పటికి తోటివాళ్లు ఒక ఏడాది ముందుంటారు.

రెండోది అయిదు ఏపీలు: కాల్క్యులస్ బీసీ, ఒక సైన్సు, అమెరికా చరిత్ర, ఇంగ్లిషు, వీటికి తోడు స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్ ఈ రెండింటిలో ఏదో ఒకటి. వీటితో స్పానిష్ మూడో ఏడాది, ఆర్కెస్ట్రా. మిగిలిన సైన్సు, మిగిలిన ఆ ఒక్కటి పన్నెండో తరగతికి. ఫిజిక్స్‌ను పన్నెండుకు వాయిదా వేస్తే ఒక లాభముంది. కాల్క్యులస్ అప్పటికి పూర్తవుతుంది కాబట్టి, ఇంజినీరింగ్ కాలేజీలు ఇష్టపడే ఫిజిక్స్ సీ తీసుకోవచ్చు. పైన మనం వేసిన లెక్క ఈ జాబితాదే. నష్టమేమిటంటే, ఏడింటిలోనూ ఏ తెచ్చుకోగల పిల్లలు కొందరు ర్యాంకులో ఈమె కంటే ముందుకు వెళ్తారు. ఆమె ఇప్పుడు ఇరవై అయిదో స్థానంలో ఉంటే ఆ తేడా ముప్పై దాటించవచ్చు. నలభై అయిదో స్థానంలో ఉంటే ఆస్టిన్ గీత ఎలాగూ దూరమే, ఏ అండ్ ఎం గీత ఎలాగూ దగ్గరే. కాబట్టి ర్యాంకు కోసం వయొలిన్ మాన్పించడంలో అర్థం లేదు. మీ ఉత్తరంలో ర్యాంకు గురించి ఇంత ఉంది, ప్రస్తుతం ఎంతో మాత్రం లేదు. ముందు అది తెలుసుకోండి.

మూడోది ఇంకా తగ్గడం: నాలుగు ఏపీలు, బీసీకి బదులు నెమ్మదిగా సాగే కాల్క్యులస్ ఏబీ, మిగతావి మామూలువి. కౌన్సెలర్ పెట్టే గుర్తు ఒక గడి కిందికి దిగవచ్చు, ర్యాంకూ కొంత దిగుతుంది. బాగా పేరున్న ప్రైవేటు కాలేజీలకు ఇది నష్టమే, దాచను. ఇప్పుడే ఒంటిగంటన్నర అవుతోందంటే, అది వారానికి ఒకసారా, రోజూనా అన్నది చూడండి. రోజూ అయితే, పిల్ల తిండి తగ్గిందనిపించినా, తరచూ తలనొప్పి అంటున్నా, ముందు డాక్టరుకు చూపించండి. అప్పుడు ఈ మూడో దారే సరైనది. మొదటి పది శాతంలో ఉంటే రాష్ట్రంలో మంచి విశ్వవిద్యాలయాలు అప్పటికీ తెరిచే ఉంటాయి.

పిల్లదారి డ్యూయల్ క్రెడిట్, అంటే ఒకే కోర్సు బడికీ, కాలేజీకీ లెక్కకు రావడం. అమెరికా చరిత్రను ఏపీగా కాకుండా కమ్యూనిటీ కాలేజీ ద్వారా, వీలైతే వేసవిలో, పూర్తి చేయడం. ఏడాదంతా ఒక పీరియడు, ఎన్నో సాయంత్రాలు మిగులుతాయి. టెక్సస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఈ క్రెడిట్‌ను తీసుకుంటాయి. రాష్ట్రం బయటి ప్రైవేటు కాలేజీలు చాలా తీసుకోవు. కొన్ని డిస్ట్రిక్టుల్లో దీనికి ఏపీ కంటే పాయింట్లు తక్కువ. ఇంకొకటి చాలామందికి తెలియదు. అక్కడ వచ్చిన మార్కు కాలేజీ మార్కుగా శాశ్వతంగా ఉండిపోతుంది. రేపు మెడిసిన్‌కు దరఖాస్తు చేస్తే పదహారేళ్ల వయసులో వచ్చిన సీ కూడా లెక్కలోకి వస్తుంది. తేలిక అని చేర్చి వదిలేసే కోర్సు కాదది.

ఏపీలతో కాలేజీ ఫీజు మిగులుతుందని ఆయన అన్నారని రాశారు. టెక్సస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో అది చాలావరకు నిజం. 2015 నాటి చట్టం వల్ల సాధారణంగా 3 వచ్చినా క్రెడిట్ దొరుకుతుంది. పేరున్న ప్రైవేటు కాలేజీల్లో నిబంధనలు బిగువు, 5 వచ్చినా కొన్ని సబ్జెక్టులకు ఏమీ ఇవ్వరు. అయిదు పరీక్షల క్రెడిట్‌కీ, ఏడు పరీక్షల క్రెడిట్‌కీ తేడా రెండు కోర్సులే. దాని కోసం ఇంత గొడవ అక్కరలేదు.

నా మొగ్గు రెండో దారి వైపు. మీరు రాసిన వివరాలను బట్టి చెబుతున్నాను. ర్యాంకు ఎంతో, కెమిస్ట్రీలో బీ ఎందుకో తెలిశాక అది మారవచ్చు.

ఎవరి పక్షాన నిలబడాలి అని అడిగారు. ఈ పది రోజుల్లో మీరు ఎవరి పక్షానా నిలబడకుండా చేయగల పని ఒకటుంది. ఇంతవరకు జాబితా తయారు చేసింది ఆయన, దాని గురించి నాకు రాసింది మీరు. మీ అమ్మాయి జాబితా ఏమిటో ఇద్దరికీ తెలియదు. ఒక మామూలు మంగళవారం ఎలా గడుస్తుందో అరగంట అరగంటగా కాగితం మీద రాయమనండి. ముందు ఇప్పటి మంగళవారం, తర్వాత నాన్న జాబితా ప్రకారం వచ్చే ఏడాది మంగళవారం, తర్వాత తను కోరుకునే మంగళవారం. మూడు కాగితాలూ ఆయన ముందు పెట్టమనండి. ఎక్సెల్‌లో జాబితా చేసిన మనిషి అంకెలు చూస్తే వింటారు. "పాపం పిల్ల" అని మీరు అంటే వినకపోవచ్చు. ఆ మాట అన్నప్పుడల్లా ఆయనకు మీరు పిల్లను గారాబం చేస్తున్నట్టు వినిపిస్తుంది. తెల్లవారుజామున లేచి చదివి ఇంతదాకా వచ్చిన మనిషికి అది తన కష్టాన్ని తక్కువ చేసినట్టు కూడా ఉంటుంది. ఆయనను గుంటూరు రోజుల గురించి ఆమెకు చెప్పమనండి. సీటు వచ్చిన రోజు గురించే కాదు, ఆ రెండేళ్లలో ఏం వదిలేశారో కూడా.

అమ్మాయి తనంతట తానే ఏడు ఏపీలు కావాలని, వయొలిన్ ఇక చాలని అంటే? అనవచ్చు. మ్యూట్ తగిలించి వాయిస్తున్న పిల్ల అలా అంటుందని నేను అనుకోను. అంటే మాత్రం, నాన్నను సంతోషపెట్టడానికి అంటోందా అని ఒకసారి అడిగి, కాదంటే నమ్మండి.

కౌన్సెలర్‌ను కలవడానికి ముగ్గురూ కలిసి వెళ్లండి, మాట్లాడేది అమ్మాయి కావాలి. ప్రస్తుత ర్యాంకు, మీ డిస్ట్రిక్టు పాయింట్ల పద్ధతి, ఆర్కెస్ట్రా లెక్కలోకి వస్తుందా, ఆ గడిలో గుర్తుకు ఏం కావాలి, ఇవి అడగండి. చివరగా ఇంకొకటి: వచ్చే ఏడాది ఏపీ నుంచి మామూలు కోర్సుకు మారాలంటే, రికార్డులో మచ్చ లేకుండా మారడానికి ఆఖరి తేదీ ఏది? ఆ తేదీని ఫ్రిజ్ మీది క్యాలెండరులో రాసిపెట్టుకోండి. దానికి ఒక వారం ముందు, ఆమె వయొలిన్‌కు మ్యూట్ ఉందో తీసేసిందో చూసి, మళ్లీ ముగ్గురూ కూర్చోండి.